పెనం దగ్గర ఇచ్చిన మాట

అనకాపల్లి పోతున్నానని చెప్పగానే మా అనంతపురం వీధిలో నలుగురు నాలుగు సంచులు తెచ్చి చేతిలో పెట్టారు, బెల్లం తెమ్మని. ఎందుకు పోతున్నావని ఒక్కరూ అడగలేదు. అడిగినా గొప్పగా చెప్పుకునే పని కాదు నాది. డాక్టర్లు పరిశోధన చేస్తారు. దానికి కావలసిన సంగతులు ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చేది నాలాంటివాళ్ళు. ఈసారి పని ముసలివాళ్ళ ఆపరేషన్ల గురించి. డెబ్బై దాటినవాళ్ళకు ఆపరేషన్ అవసరమని డాక్టరు చెప్పాక ఎవరు చేయించుకున్నారు, ఎవరు మానేశారు, మానేస్తే ఎందుకు మానేశారు, ఇవీ ప్రశ్నలు. కాగితాలు పద్దెనిమిది పేజీలు.

నాకు వైద్యం రాదు. అడగడం, విని రాసుకోవడం, ఆ తర్వాత నోరు మూసుకోవడం, ఈ మూడే వచ్చు. ఆ మూడోది నాకు ఎంతమాత్రం చేతనైందో చెప్పడానికే ఈ ప్రయాణం రాస్తున్నాను. పేర్లు మార్చాను, అసలు ఊరి పేరు చెప్పడం లేదు. ఆ ఇంటి కోడలు సరేనన్నాకే కలం పట్టాను.

స్టేషన్ నుంచి బెల్లం మార్కెట్ దాకా

మాఘమాసం పొద్దున రైలు దిగితే గాలి కూడా కాస్త తియ్యగా ఉన్నట్టు అనిపించింది. అది నా భ్రమేనని తర్వాత తెలిసింది. ప్లాట్‌ఫారం మీద ఎవరో బెల్లం బుట్ట దించి పెట్టుకున్నారు. లాడ్జిలో సంచి పడేసి టిఫిన్‌కు వెళ్ళాను. మా దగ్గర పొద్దున్నే ఉగ్గాణి, మిరపకాయ బజ్జి ఉంటే గాని కడుపు నిండినట్టు కాదు. ఇక్కడ ఉప్మా పెసరట్టు, నలభై రూపాయలు. బాగుంది, కాదనను. మధ్యాహ్నం భోజనంలో అరటికాయ కూరకు ఆవ పెట్టారు. మొదటి ముద్దకే ముక్కు నుంచి నడినెత్తి దాకా ఘాటెక్కి కళ్ళనీళ్ళు కారాయి. వడ్డించేవాడు నవ్వు ఆపుకుంటూ మజ్జిగ తెచ్చాడు. కారం తినడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరనుకునే అనంతపురం దాన్ని, ఆవాలకు లొంగిపోయాను.

సాయంత్రం మార్కెట్‌కు పోయి నాలుగు సంచుల బెల్లం ముందే మాట్లాడి పెట్టుకున్నాను. కిలో అరవై రూపాయలు. కొట్టు శెట్టిగారు నా పని ఏమిటని అడిగి, ఆపరేషన్ల మాట వదిలేసి వేరేది పట్టుకున్నాడు. మా ఆఫీసులోనే ఇంకో జట్టు బడిపిల్లల లావు గురించి పరిశోధన చేస్తోందని నోరు జారి చెప్పాను. అంతే.

"అయితే మా మనవడి నడుం కొలిపించండి మేడం. వాళ్ళమ్మేమో బొద్దుగా ఉన్నాడంటాది, మాస్టారేమో లావంటాడు. బెల్లం కొట్లో పుట్టినోడికి తీపి పెట్టొద్దంటే ఎలగండీ?"

ఆ జట్టు వేరు, నేను కొలవనని చెప్పినా వినలేదు. చివరికి వాళ్ళ ఫోన్ నంబరు ఇచ్చి బయటపడ్డాను.

కొండకర్ల ఆవ

రెండో రోజుకు అప్పారావు ఆటో మాట్లాడుకున్నాను. యాభై ఏళ్ళ మనిషి. దారిలో కనపడిన ప్రతి మగవాడూ ఆయనకు బావో మామో అవుతాడు. నేను పిలిచిన చోటికల్లా వస్తానన్నాడు గాని, ఆపరేషన్ మాట మాత్రం తన ముందు ఎత్తొద్దన్నాడు. కత్తి పేరు వింటే కడుపులో తిప్పుతుందట.

కొండకర్లలో ఆవ ఒడ్డునే ఒక ముసలమ్మ ఇల్లు. ఈ ఆవ కూరలోది కాదు, ఇక్కడ పెద్ద చెరువును ఆవ అంటారు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించుకుంది. ఆవ గట్టు మీద తాటి దుంగలను తొలిచి రెండేసి కలిపిన దోనెలు చూసి, ఒకసారి ఎక్కి చూద్దామని కాలు పెట్టి, మోకాలి దాకా బురదలో దిగబడ్డాను. చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. ముసలమ్మ అది చూసి చేతికర్ర మీద వాలి పడీ పడీ నవ్వింది. దాంతో మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. ప్రశ్నలకు ముందు ఒక కాగితం చదివి వినిపించాలి. "మీరు చెప్పింది ఎవరికీ చెప్పం" అని ఒక వాక్యం. దాని కిందే ఇంకోటి: "మీ ప్రాణానికి ముప్పు ఉందని తెలిస్తే మాత్రం డాక్టరుకు చెప్పవలసి వస్తుంది." ఈ రెండో వాక్యం చదివితే ముసలివాళ్ళు బిగుసుకుపోతారు. ప్రాణం అనే మాట వినగానే, ఈ పిల్లకేదో తెలుసునని అనుమానం మొదలు. అందుకని దాన్ని చదవడం నేను మానేసి రెండేళ్ళయింది. మొదటి వాక్యం చదివి, కాగితం మడిచి, నవ్వుతాను. కబుర్లు వాటంతటవే వస్తాయి. ఆఫీసులో అందరికంటే నిండుగా రాసుకొచ్చేది నేనేనని పేరు కూడా వచ్చింది.

ముసలమ్మ కూడా అలాగే చెప్పింది. "నా కోడలికి సెప్పకు తల్లీ. డాక్టరు రోజూ నడవమన్నాడు. నాను మంచం మీద కూకునే నడిసేనని సెప్పేను."

నవ్వుకుంటూ రాసుకున్నాను. చోడంబలి ఇచ్చింది. మేం రాగులంటాం, వీళ్ళు చోళ్ళంటారు. మేం సంగటి ముద్ద మింగుతాం, వీళ్ళు అంబలి తాగుతారు.

బుచ్చయ్యపేట దాటాక

మూడో రోజు అదే ఆటోలో బుచ్చయ్యపేట దాటి, చెరకు తోటల మధ్య మట్టిదారిన ఒక ఊరు. నాకు కావలసిన మనిషి ఇంట్లో లేడు, గానుగ దగ్గర ఉన్నాడన్నారు. పేరు ఎర్రునాయుడు, డెబ్బై ఆరేళ్ళు. గజ్జల్లో పేగు జారి, ఆపరేషన్ చేయించుకోమని డాక్టర్లు చెప్పి చాలా ఏళ్ళయింది. తేదీ ఇచ్చినా మూడుసార్లు వెళ్ళలేదని నా కాగితాల్లో ఉంది.

తాటాకు పాక కింద పెద్ద ఇనప పెనం, దానినిండా చెరకు రసం తెర్లుతోంది. పక్కన మోటారు గానుగ. పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి తోస్తున్న మనిషి ఆయన కోడలు నూకరత్నం. నలభై లోపే ఉంటాయి, పొగకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె భర్త లారీ మీద ఒడిశా వెళ్ళాడట. ఎర్రునాయుడు పెనం పక్క పీట మీద కూర్చుని, పొడుగు గరిటెతో తెట్టు తీస్తున్నాడు. పెనం దగ్గరికి వచ్చిన మనిషిని ఉత్త నోటితో పంపకూడదని అక్కడి పద్ధతి. అంతకుముందు దించిన పెనంలోని వేడి బెల్లం ఆకులో పెట్టి ఇచ్చాడు. నాలుక కాలినా మళ్ళీ అడిగాను. అంత బాగుంది.

నూకరత్నం పొయ్యికి అవతల ఉంది. మోటారు మోతలో మా మాట ఆమెకు వినపడదు. నా కాగితంలో మొదటి వాక్యం చదివి మడిచేశాను.

"ఎవలికీ సెప్పవు గదా?" అన్నాడు.

"చెప్పను."

"నా కోడలికి?"

"చెప్పను."

"సోడవరంలో నా కూతురుంది. దానికి?"

"ఎవరికీ చెప్పను తాతా. మాట."

ఆయన గరిటె పెనం అంచుకు ఆనించి, గొంతు తగ్గించి చెప్పాడు. గానుగాడే రోజుల్లో కోయించుకుంటే పెనం ఎవరు చూస్తారు? వానల్లో అయితే ఊడుపులు. అందుకే మూడుసార్లూ మానేశాడు. ఇన్నాళ్ళూ పేగు జారినా పడుకుని చేత్తో నెడితే లోపలికి పోయేది. "నిన్న మద్దేనం దిగింది. మరి ఎల్లలేదు. రాయిలా గట్టిపడిపోనాది. రెండుసార్లు కక్కేను. పసుపూ సున్నం పట్టేసేను. కొట్లో నొప్పి మాత్తర తెచ్చి మింగేను."

శిక్షణలో మాకు ప్రమాద లక్షణాలని ఒక పేజీ ఇచ్చారు. జారిన పేగు వెనక్కి పోకపోవడం, గట్టిపడటం, వాంతులు. మూడూ ఈ మనిషి దగ్గరున్నాయి. అదీ నిన్నటి నుంచి.

"కోడలికి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నా కూతురికి తెలుత్తాది. కోడలు సూడట్లేదు, నా ఇంటికొచ్చీ అని రెండేళ్ళ కాణ్ణించీ పోరు. అది మంచిదే. కానీ అక్కడ నాకేటి పని? మేడ మీద కూకుని బస్సులు లెక్కెట్టాలేటి? నా కోడలు నన్ను బానే సూత్తాది. నా పెనం ఇక్కడుంది. ఇది దిగీదాకా ఓపిక పడితే, రేపు ఎల్తాను."

సిగ్నల్ కోసం గట్టు మీదకి

లేచి చెరకు గట్టెక్కి, ఫోను నెత్తి మీద పెట్టుకున్నంత పని చేసి, మా ప్రాజెక్టు డాక్టరును పట్టుకున్నాను. పేరు చెప్పకుండా లక్షణాలు చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పేగుకు రక్తం ఆగిపోయి ఉంటుంది. కుళ్ళడం మొదలైతే మనిషి దక్కడు. వెంటనే ఆసుపత్రికి పంపు. నోట్లో ఏమీ పోయొద్దు."

పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఎర్రునాయుడు చెంబెడు చెరకు రసం తాగి మూతి తుడుచుకుంటున్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఏంటికి తాగినావప్పా!" అని మా ఊరి మాటే అరిచాను. మోటారు ఆపాల్సి వచ్చింది. నూకరత్నం పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ఈయన్ని ఇప్పుడే అనకాపల్లి తీసుకెళ్ళాలి. ఆగితే లాభం లేదు" అన్నాను. ఎప్పటి నుంచి అన్నది నా నోట రాలేదు. మాటిచ్చాను గదా.

"ఎప్పుడు పట్టింది మావా?" అంది ఆమె.

"ఇప్పుడేనే. ఇందాకే" అన్నాడు ఆయన, నా వైపు చూస్తూ.

నేను నేల చూపులు చూశాను.

"అయితే లెగు. అప్పారావు ఆటో ఉంది గదా" అంది నూకరత్నం.

"పెనం దించీసి వత్తాను. మూడిళ్ళ సెరుకే ఇది. మాడితే మూడిళ్ళోల్లకి మొకం సూపలేను."

పెనం సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. రసం చిక్కబడ్డాక పాకం చూసే మనిషి లేచిపోకూడదు. ముందు దించితే బెల్లం గట్టిపడదు, కాస్త ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. మూడిళ్ళ వాళ్ళు ఏడాది పెంచిన పంట ఆ గడియలో తేలుతుంది. ఆ ఊళ్ళో పెనం సగంలో వదిలి లేచిన మనిషి లేడట. చావు కబురొచ్చినా దించే లేస్తారట. వింటున్నకొద్దీ ఒళ్ళు మండిపోయింది నాకు.

నూకరత్నం మామ చేతిలోంచి గరిటె లాక్కుంది. చల్లటి నీళ్ళ గిన్నెలో వేళ్ళు ముంచి, పాకం కాస్త తీసి, నీళ్ళలో వేసి ఉండ చేసి చూసింది. "ఇంకా రాలేదు. ఇంకో రెండు పొంగులు రావాల."

ఆయన నోరు తెరిచాడు. "ఎప్పుడు నేర్సేవే?"

"పదారేళ్ళ కాణ్ణించీ పొయ్యిలో పిప్పి తోత్తన్నాను మావా. కళ్ళు మూసుకుని తోత్తన్నానేటి? నువ్ లెగు. నాను దించీసి ఎనకే వత్తాను."

ఆయన పెనం వైపు, ఆమె వైపు చూసి, నడుం పట్టుకుని లేచాడు. లేవడంలోనే పాక గుంజ పట్టుకుని మళ్ళీ కక్కాడు. పచ్చగా వచ్చింది.

చెరకు ట్రాక్టర్ల వెనక

అప్పారావు కత్తి పేరు వింటే తిప్పే కడుపును పక్కనబెట్టి ఆటో దూకించాడు. కానీ ఏం లాభం, ఫాల్గుణం దగ్గరపడే రోజులవి, దారి పొడుగునా చెరకు ట్రాక్టర్లు. రోడ్డు నిండా మోపులు వేలాడుతూ నత్తనడకన పోతుంటాయి, పక్కకు తప్పుకోవు. "మావా, కాస్త తప్పుకో! పానం మీదకొచ్చింది!" అని అప్పారావు ప్రతి ట్రాక్టరు వాడికీ మొక్కాడు. గుంట వచ్చినప్పుడల్లా ఎర్రునాయుడు తువ్వాలు పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు. చేతులు చల్లబడ్డాయి. మా ఇంట్లో ఇలా చల్లబడ్డ చేతులు నేనొకసారి పట్టుకున్నాను, మా నాన్నవి. ఆ మనిషి ఇంటికి తిరిగి రాలేదు. నాకు భయమేసింది, దాచుకోవడానికేముంది.

సగం దారిలో ఆయన తువ్వాలు తీసి అన్నాడు. "ఇయ్యాల పొద్దున్న పట్టిందని సెప్తాను. నిన్నంటే ఆలస్యమైందని ఇశాపట్నం పొమ్మంటారు. అంత దూరం నాను ఎల్లలేను. నువ్వు మాటిచ్చేవు."

నేను రోడ్డు వైపు తిరిగాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

తెర వెనక మంచం

ఆసుపత్రి పేరు అనవసరం. డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ, నెమ్మదస్తురాలు. ఆకుపచ్చ తెర లాగి, పరీక్ష చేసి అడిగింది. "ఎప్పటి నుంచి తాతా?"

"ఇయ్యాల పొద్దున్నే అమ్మా."

"చర్మం ఎర్రగా ఉందేమిటి?"

"పసుపూ సున్నం కదా. పట్టేసేను."

అదీ నిజమే. పసుపూ సున్నం కలిస్తే ఎరుపే. మాత్ర వేసుకున్నాడు గనక నొప్పికి పెద్దగా మూలగడమూ లేదు. డాక్టరమ్మ కాస్త తేలికపడింది. నర్సుతో అంటోంది. "కొద్ది గంటలే అయింది కాబట్టి చేత్తో నెమ్మదిగా లోపలికి నెట్టి చూద్దాం. ఈ వయసులో మత్తు లేకుండా గడిస్తే అంతకంటే ఏం కావాలి. ఆపరేషన్ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు."

ఆమె తప్పేమీ లేదు. ఆమెకు చెప్పిన మాట ప్రకారం అదే సరైన పని. అబద్ధం ఆయనది, మౌనం నాది.

ఆమె చేతికి గ్లవుజు తొడుక్కుంటోంది. ఎర్రునాయుడు తల తిప్పి నన్నే చూస్తున్నాడు. అడగడం లేదు, బతిమాలడం లేదు, ఇచ్చిన మాట మీద నిలబడతానన్న నమ్మకంతో చూస్తున్నాడు. అలాంటి చూపు నా మీద ఎవరైనా పెట్టి ఎన్నాళ్ళయిందో. ఆమె చెయ్యి మంచం మీదికి వంగింది.

"నిన్న మధ్యాహ్నం నుంచి" అన్నాను. "నిన్న మధ్యాహ్నం నుంచి డాక్టర్. మూడుసార్లు వాంతి. నొప్పి మాత్ర మింగాడు. పొద్దున చెరకు రసం తాగాడు."

డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. తడి దూదితో పసుపు తుడిచింది. ఎరుపు పోలేదు. ఇంకోసారి తుడిచింది. పోలేదు. ఆమె ముఖం మారిపోయింది. అరగంటలో సర్జన్‌ను పిలిపించారు.

ఎర్రునాయుడు తిట్టలేదు. తల అటు తిప్పుకున్నాడు.

వరండా

అప్పారావు ఫోను చేస్తే చోడవరం నుంచి కూతురు వచ్చింది. మెడలో మందపాటి గొలుసు, చేతిలో రెండు ఫోన్లు, కళ్ళనిండా నీళ్ళు. ఈ వయసులో గుండె, ఊపిరితిత్తులు మత్తుకు ఎలా తట్టుకుంటాయో చెప్పలేమని సర్జన్ వివరించాడు. ఆపరేషన్ చేయకపోతే మాత్రం ఆశ లేదన్నాడు. ఆమె సంతకం పెట్టింది. పెడుతూ అడిగింది. "ఎప్పటి నుంచండీ?"

"నిన్న మధ్యాహ్నం నుంచట" అన్నాడు సర్జన్.

సరిగ్గా అప్పుడే నూకరత్నం మెట్లెక్కి వచ్చింది. చీర కుచ్చెళ్ళ మీద పిప్పి నలుసులు, వేళ్ళకు బెల్లం అంటుకుని ఉంది. ఆడపడుచు ఆమెను చూసి విరుచుకుపడింది. "ఒకే వాకిట్లో ఉండి మా అయ్య కక్కుకుంటంటే కనపళ్ళేదా నీకు? ముద్ద ఒదిలేత్తే ఎందుకని అడగలేదా? మనిషికన్నా పెనం ఎక్కువైపోయిందా?"

నూకరత్నం ఆమెను దాటుకుని నా పక్కకు వచ్చింది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నాతో అంది.

"మీకెప్పుడు తెలిసింది మేడం?"

"పెనం దగ్గరే."

"మరి నాకు సెప్పలేదేం?"

"మాటిచ్చాను."

"డాక్టరుకి సెప్పేరు గదా. ఆ సెప్పీదేదో నాకే సెప్తే, పాకం సూత్తా నిలబడీదాన్నా? ఆ పెనం నేల మీద పారబోసీసి లేపుకొచ్చీదాన్ని."

వరండా చివర బల్ల మీద అప్పారావు నలుగురికి నాలుగు టీలు తెచ్చి పెట్టాడు, పది రూపాయలకొకటి. ఎవరూ ముట్టుకోలేదు. అవి చల్లారి మీగడ కట్టాక ఆయనే తీసుకెళ్ళి పారబోశాడు.

మూడు గంటల తర్వాత సర్జన్ బయటికి వచ్చాడు. పేగు జానెడు నల్లబడిపోయిందని, కోసి తీసేసి కుట్టామని చెప్పాడు. చేత్తో నెట్టి ఉంటే పైకి తగ్గినట్టే కనపడేదట. ఆ నల్లటి పేగు లోపలే చిట్లి రెండు రోజుల్లో మనిషిని తినేసేదట. బతుకుతాడా అని కూతురు అడిగింది. "ఈ వయసులో మాటివ్వలేనమ్మా. చూద్దాం" అన్నాడు. తెలివైనవాడు.

ఆరో రోజు

రెండు రోజులు మనిషి ఊగిసలాడాడు. నాకు తుమ్మపాల వైపు ఇంకా మూడు ఇళ్ళు ఉన్నాయి. వెళ్ళాను, అడిగాను, రాసుకున్నాను. ఏం రాసుకున్నానో గుర్తులేదు. తేగల కాలం, ప్రతి ఇంట్లోనూ ఉడకబెట్టి పెట్టారు. తీసుకుని సంచిలో వేసుకున్నాను. సాయంత్రమైతే కాళ్ళు ఆసుపత్రి వైపే లాగేవి. వార్డు తలుపు దగ్గర నిలబడి, ముక్కులో గొట్టంతో పడుకున్న మనిషి ఛాతీ లేస్తోందా లేదా చూసి వచ్చేసేదాన్ని.

ఐదో రోజు మా పెద్దాఫీసరుకు జరిగినదంతా ఫోనులో చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు. "రెండో వాక్యం చదివావా?"

చదివానని చెప్పొచ్చు. ఎవరు చూడొచ్చారు? కానీ ఆ వారంలో అబద్ధాలు చాలానే అయ్యాయి. "చదవలేదు సార్. రెండేళ్ళుగా ఎవరికీ చదవడం లేదు" అన్నాను. తిట్టాడు, తినాల్సినవే తిన్నాను. వెళ్ళి ఎర్రునాయుడికి ఆ వాక్యం చదివి, కాగితాలు ఉంచమంటాడో చించేయమంటాడో అడిగి రమ్మన్నాడు.

ఆరో రోజు ఆయన గొట్టం తీసేశారు. గొంతు బొంగురుగా ఉంది గాని తెలివిగానే ఉన్నాడు. మంచం పక్కన నూకరత్నం ఉంది. కూతురు డిశ్చార్జి ఎప్పుడో కనుక్కోవడానికి వెళ్ళింది. ఇక్కడి నుంచి చోడవరమే తీసుకెళ్తుందట, అందరూ ఒప్పుకున్నారట. ఆయనను అడిగారో లేదో నేను అడగలేదు.

కాగితం విప్పి రెండో వాక్యం నెమ్మదిగా చదివాను. ఈ మాట ఆ రోజు పెనం దగ్గర చదవకుండా దాచానని, తప్పు నాదేనని చెప్పాను.

"సదివుంటే నీకు సెప్పీవోణ్ణి కాదు" అన్నాడు.

నాకు తెలుసు. చెప్పి ఉండకపోతే ఈ మంచం మీద ఈ మనిషి ఉండడు. ఆ సంగతి ఆయనకూ తెలుసని ముఖం చూస్తేనే తెలిసింది. నూకరత్నం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పానం నిలబెట్టేవు, కాదన్ను" అన్నాడు. "కానీ నా కోడలు మీద మచ్చ పడింది. నా పెనం పోయింది. నాను సెప్పిందంతా కొట్టీ. నా ముందే కొట్టీ. ఇంకెప్పుడూ నన్నేటీ అడక్కు."

పద్దెనిమిది పేజీలూ ఆయన కళ్ళముందే అడ్డంగా కొట్టేశాను. ఒక్కో పేజీ తిప్పుతుంటే ఆయన వేలు పెట్టి చూపించాడు, ఇదీ, ఇదీ అని. అయ్యాక దణ్ణం పెట్టాను. ఆయన చెయ్యెత్తలేదు. నూకరత్నం మెట్ల దాకా వచ్చింది. పెనం నువ్వే చూస్తావా అని అడిగితే, "ఊరోల్లు సూడమన్నారు" అంది. ఆ మాటలో సంతోషం వెతికాను, దొరకలేదు.

ఇంటికి వచ్చాక

నాలుగు సంచుల బెల్లం నాలుగిళ్ళలో ఇచ్చాను. ఇంత మంచి బెల్లం ఎప్పుడూ తినలేదన్నారు. నేను తినలేదు.

మరుసటి వారం మా వైపే, ధర్మవరం దగ్గర పల్లెలో మళ్ళీ పని మొదలైంది. మొదటి ఇల్లు ఒక మగ్గం ఇల్లు. డెబ్బై మూడేళ్ళ అవ్వ, పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ చెప్పి ఏడాదైంది. నన్ను చూసి సంతోషపడింది. చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. "శానా సంగతులున్నాయి పాపా నీకు చెప్పేకి" అంది. నేను కాగితం విప్పి మొదటి వాక్యం చదివాను. రెండోదీ చదివాను, మింగకుండా, స్పష్టంగా.

అవ్వ ముఖంలో నవ్వు పోయింది. లోపల మగ్గం మీద కొడుకు చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

"నొప్పి వస్తుందా అవ్వా?" అని అడిగాను.

"నాకేం నొప్పి లేదమ్మా" అంది. కుడిపక్క డొక్కలో నొక్కి పట్టుకున్న చెయ్యి మాత్రం తీయలేదు.

నొప్పి లేదని రాసుకున్నాను.